రెండో బ్రేకు

జూన్ 3

పొద్దున పళ్ళు తోముకుంటుంటే గోడలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. ఆమె పోయి నాలుగు నెలలవుతోంది. పేస్టు మింగేశాను.

పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా పెళ్ళయిన జంట దిగారు. వాళ్ళ వంటగదికీ మా బేసిన్‌కీ మధ్య ఒక్క ఇటుక వరస. ఆ పిల్ల ఫోన్ గట్టు మీద పెట్టుకుని వింటున్నట్టుంది.

ఆ మాటలు నాకు కంఠతా వచ్చు. ఫ్యామిలీ ప్లానింగ్ క్లినిక్‌లో ఆమె కౌన్సెలర్. ఎవరొచ్చినా మాత్రలు, కాపర్-టి, ఇంజెక్షన్, కండోమ్ అన్నీ బల్ల మీద పరిచి, దేనితో ఏ సుఖమో ఏ తంటానో దాచకుండా చెప్పేది. రోజులు లెక్కపెట్టుకుంటామనే వాళ్ళొస్తే మాట నా మీదకి తెచ్చేది. మా ఆయన లిఫ్టులు చూస్తాడమ్మా, ఒక్క బ్రేకున్న లిఫ్టుకి చచ్చినా సంతకం పెట్టడు అనేది. లెక్క ఒక్క బ్రేకే, నిద్ర చెడినా ఒళ్ళు వెచ్చబడినా తప్పుతుంది, రెండోది కూడా పెట్టుకో అనేది. తర్వాత ఒక ఊపిరి తీసుకుని, ఇప్పుడు చెప్పు, నువ్వేమనుకుంటున్నావు అని అడిగేది.

క్రితం ఏడాది ఒక కంపెనీ వాళ్ళు ఈ మాటలన్నీ రికార్డు చేసి యాప్‌లో పెట్టారు. పొద్దున్నే ఒంటి వేడి చూసి అంకె కొడితే, ఇవాళ గర్భం వచ్చే రోజో కాదో చెబుతుంది. యాప్ పేరు పెద్దక్క. గొంతు ఆమెది.

లిఫ్టు మాట దగ్గర ఆ పిల్ల నవ్వింది. అందరూ అక్కడే నవ్వుతారు.

జూన్ 5

మరదలు వచ్చింది. అక్క బట్టలు సర్ది పెడతానని. సర్దుతూ సర్దుతూ ప్రతి మడతలోనూ ముక్కు పెట్టి ఏడ్చింది. నేను హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నాను.

వెళ్ళేటప్పుడు గోడ సంగతి చెప్పాను. బతికుండగా మా అక్క మాట ఒక్కటి చెవిన పెట్టావా బావా, ఇప్పుడు గోడకి చెవి ఆనిస్తున్నావు అంది.

మళ్ళీ పేపర్లోకి చూశాను. పేపరు తిరగేసి పట్టుకున్నానని తర్వాత చూసుకున్నాను.

జూన్ 8, ఆదివారం

అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మనవరాలికి రెండేళ్ళు నిండాయి. దాని పురిట్లోనే అమ్మాయి గుండె కండరం దెబ్బతింది. పడుకుంటే ఊపిరాడక, దిళ్ళకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. గుండె డాక్టర్ మొహమాటం లేని మనిషి. ఇంకో కాన్పంటూ వస్తే బిడ్డ సంగతి దేవుడెరుగు, ఈ పిల్ల మీకు దక్కడం కష్టం అని మొహం మీదే చెప్పాడు. ఆమె డాక్టర్ని చూసింది. నేను నేలని చూశాను. అల్లుడు కిటికీలోంచి పార్కింగ్ చూశాడు.

అప్పట్నుంచీ ఆ బాధ్యత ఆమె నెత్తిన వేసుకుంది. రక్తం గడ్డకట్టే భయముందని మామూలు మాత్రలు వద్దన్నారు. కాపర్-టి వేయించింది. ఒకటే రక్తం పోతోందని, ఆమె పోయిన మర్నెల్లోనే అమ్మాయి తీయించేసుకుంది. చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ ఉంది. అది జారి ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఎవరో వీడియోలో చెప్పారట, ఆ పేరెత్తితే చెవులు మూసుకుంటుంది. అల్లుడు ఆపరేషన్ చేయించుకుంటే పావుగంట పని. ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. అక్కడ కత్తి పడ్డాక నేను దేనికి పనికొస్తానత్తయ్యా, మీ అమ్మాయే నన్ను గెంటేస్తుంది అని నవ్వేవాడు.

ఇప్పుడు వాళ్ళేం వాడుతున్నారో నాకు తెలియదు. తండ్రి నోట వచ్చే మాట కాదు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఒంట్లో ఎలా ఉందమ్మా అన్నాను. బాగానే ఉంది నాన్నా అంది. మందులేసుకుంటున్నావా అన్నాను. ఆ అంది.

ఇన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా ఒక మనిషి ఉండేది. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరేది.

జూన్ 12

కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఇంటికొచ్చింది. పేరు చెప్పింది, మర్చిపోయాను. కూర్చున్నంతసేపూ నవ్వు మొహం అలాగే ఉంది, ఎవరో మొహానికి ఇస్త్రీ చేసినట్టు. చిరునవ్వు అని రాసుకుంటాను.

మేడమ్ అంటే మా ఆఫీసులో అందరికీ ప్రాణం సార్ అంది. మేడమ్ రికార్డు చేసిన మాటలు చాలడం లేదట. కంప్యూటర్ ఆమె గొంతు నేర్చేసుకుందట. ఇకమీద ఏ మాట కావాలంటే ఆ మాట ఆమె చేత అనిపించవచ్చు. దానికి భర్తగా నా సంతకం కావాలి.

కొన్ని మాటలు కుదిస్తున్నారట. లిఫ్టు మాట పోతుంది. ఎందుకన్నాను. అది విన్నవాళ్ళు చాలామంది యాప్ తీసేస్తున్నారు సార్, బ్రేకులనీ జ్వరాలనీ పొద్దున్నే ఎవరికి కావాలి సార్ భయం అంది. యాప్ తీసేసి వాళ్ళు ఏదీ వాడరు, దానికంటే ఇదే నయం కదా అంది. ఆ మాట ఎక్కడికీ పోదట, ఇంకా తెలుసుకోండి అనే పేజీలో రాసి పెడతారట.

ఆ పేజీ ఎంతమంది చూస్తారన్నాను. చిరునవ్వు.

ఆలోచించి చెప్తానన్నాను. లిఫ్టు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. సంతకం పెట్టిన కుటుంబాలకి ఒక లింకు ఇస్తాం సార్, మీరు ఏం టైపు చేస్తే మేడమ్ అది మాట్లాడతారు, మీ ఒక్కరి కోసం అంది.

జూన్ 13

నర్సింగ్ హోమ్ లిఫ్టు ఇన్‌స్పెక్షన్. మోటారు బాగుంది. తాళ్ళు బాగున్నాయి. తాళ్ళు తెగితే పట్టాల్ని కరిచి పట్టుకోవాల్సిన బ్రేకు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఈ లిఫ్టు పెట్టి పన్నెండేళ్ళయింది సార్, ఒక్కసారి తాడు తెగిందా చెప్పండి అన్నాడు మేనేజరు. తెగలేదు. స్ట్రెచర్ మీద ఉన్నవాళ్ళని మీరు మోసుకెళ్తారా మెట్ల మీద అన్నాడు.

సీలు వేసి వచ్చాను. వెనక నుంచి నా వంశాన్ని తిట్టాడు.

జూన్ 14

సంతకం పెట్టాను.

జూన్ 15, ఉదయం 6

లింకు వచ్చింది. తెల్లటి పెట్టె. అందులో కర్సరు కొట్టుకుంటోంది.

ఆమె నన్ను ఏవండీ అని ఎన్నడూ అనలేదు. ఇనస్పెక్టరు గారూ అనేది. ఆ గారూలో గౌరవం వీసమెత్తు ఉండేది కాదు. తాళాలు మర్చిపోతే ఇనస్పెక్టరు గారూ. గురక పెడితే ఇనస్పెక్టరు గారూ. పెళ్ళిచూపుల్లో నేను వాళ్ళింటి ఫ్యాను బోల్టు వదులుగా ఉందని చెప్పానట, అప్పట్నుంచీ అంతే.

అదే టైపు చేశాను. ఇనస్పెక్టరు గారూ అంది.

చాలా గౌరవంగా పిలిచింది. ఒళ్ళు మండిపోయింది.

జూన్ 17

కామా ఎక్కడ పెడితే గొంతు ఎక్కడ దిగుతుందో తెలుస్తోంది. మూడు చుక్కలు పెడితే ఆగుతుంది. ప్రశ్న గుర్తు పెడితే చివర కొంచెం ఎగరేస్తుంది. ఆఫీసుకి సెలవు పెట్టాను.

జూన్ 22

కుదిరింది.

కాఫీ చల్లారిపోతోంది ఇనస్పెక్టరు గారూ అంది. అచ్చం ఆ వెటకారమే.

స్టవ్ మీద ఏమీ లేదని తెలుసు. అయినా వంటగదిలోకి వెళ్ళి చూశాను.

జూన్ 27

మరదలు చెప్పకుండా వచ్చింది. తలుపు తీసి ఉంది. అక్క గొంతు విని చేతిలో సంచీ కింద పడేసింది. విషయం చెప్పాను. ముందు కూర్చుంది. ఆ తర్వాత లేచింది.

నాలుగు మాటలు మాట్లాడవయ్యా మహానుభావా అని అక్క జీవితమంతా నిన్ను బతిమాలింది అంది. అప్పుడు నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చున్నావు. ఇప్పుడు నీ మాటలు అక్క నోట్లో కుక్కి, నువ్వే విని, నువ్వే మురిసిపోతున్నావు. నీకు పెళ్ళాం ఎందుకు బావా, అద్దం చాలదూ అంది.

అమ్మాయికి తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. లిఫ్టు మాట తీసేస్తారని మాత్రం మరదలికి కూడా చెప్పలేదు. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు.

జూలై 4

గోడ అవతల కొత్త మాట వచ్చింది. లెక్క ప్రకారం ఇవాళ నీకు భయం లేదు తల్లీ, హాయిగా ఉండు.

అంతే. అక్కడితో అయిపోయింది. ఆ పిల్ల నవ్వలేదు. గిన్నెల చప్పుడు మొదలైంది.

ఆ తర్వాత నేనుండేవాణ్ణి. నన్ను తీసేశారు.

జూలై 20, ఆదివారం

అమ్మాయి ఇల్లు. కళ్ళ కింద నల్లగా ఉంది. మనవరాలు రాత్రుళ్ళు లేచి కూర్చుంటోందట. నిద్రలేదు నాన్నా అంది.

పెద్దక్క తను కూడా పెట్టుకుందట. పొద్దున్నే అమ్మ గొంతు వింటే రోజు మొదలైనట్టుంటుంది అంది. మంచిదే అన్నాను. నాకు లోపల ఏదో ఊరటగా ఉంది, ఇద్దరం ఒకే పని చేస్తున్నామని.

అమ్మ ఈమధ్య నీ లిఫ్టు మాట చెప్పట్లేదెందుకు నాన్నా అని అడిగింది. కంపెనీ వాళ్ళేదో మార్చి ఉంటారు అన్నాను. అల్లుడు పక్కనే షర్టు బొత్తాలు పెట్టుకుంటూ, మీ నాన్న లిఫ్టులు పాతబడిపోయాయిలే అన్నాడు. అమ్మాయి నా వంకే చూస్తోంది. మనవరాలు గ్లాసు ఒలకబోసింది. మాట అక్కడితో పోయింది.

ఆగస్టు 26, మధ్యాహ్నం

పదో అంతస్తు పైన మెషిన్ రూములో ఉండగా అల్లుడు ఫోన్ చేశాడు. మోటారు హోరులో మొదట అర్థం కాలేదు. మావయ్య గారూ మీకు ప్రమోషన్, రెండోసారి తాత అవుతున్నారు అన్నాడు.

మోటారు ఆపమని మెకానిక్‌కి సైగ చేశాను.

డాక్టర్ ఏం చెప్పాడో మర్చిపోయావా అన్నాను. నన్నంటారేంటి మావయ్య గారూ, మేం మీ ఆవిడ మాటే విన్నాం అన్నాడు. కాపర్-టి తీయించుకున్నప్పట్నుంచీ వాళ్ళకి పెద్దక్కే దిక్కట. రోజూ పొద్దున్నే అమ్మాయి ఫోన్ టేబుల్ మీద పెట్టి, సౌండు పెంచి, వాడికి వినిపించేదట. రెండో బ్రేకు పెట్టుకో, రెండో బ్రేకు పెట్టుకో. పోయిన అత్తగారు రోజూ పొద్దున్నే వచ్చి నెత్తిన నిలబడితే ఏ మగాడు కాదంటాడు, నోరు మూసుకుని కండోమ్ కొనుక్కొచ్చేవాణ్ణి అన్నాడు. జూలై నుంచి ఆవిడే మానేశారు. భయం లేదు, హాయిగా ఉండండి అన్నారు. చూడవే, మీ అమ్మే అక్కర్లేదంటోంది అని మీ అమ్మాయితో అన్నాను. హాయిగా ఉన్నాం అన్నాడు.

నవ్వాడు. భయపడి నవ్వాడేమో. మొహం కనిపించలేదు.

మెకానిక్ మోటారు వెయ్యమంటారా అని అడిగాడు. పదంతస్తులూ మెట్ల మీద దిగాను.

ఆగస్టు 26, సాయంత్రం

లిఫ్టు మాట ఏదని జూలైలో అమ్మాయి నన్ను అడిగింది.

ఆగస్టు 27

అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి మనవరాలికి జుట్టు దువ్వుతోంది. మొహంలో వెలుగు. ఇంత కళ పోయిన ఏడాది నుంచీ చూడలేదు. నేనేమీ అనకముందే ఫోన్ తీసింది. టెస్టు చేసుకుని యాప్‌లో కొట్టగానే అది తనంతట తనే మారిపోయిందట. వినిపించింది.

చల్లని కబురు చెప్పావు నా బంగారు తల్లీ, ఇవాళ్టి నుంచి నువ్వు ఒక్కదానివి కాదు, ఇద్దరివి.

ఆమె గొంతే. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. కామాలు కూడా సరిగ్గా పెట్టారు.

నాకు పిచ్చి పట్టిందనుకోకు నాన్నా, అది యాపే అని తెలుసు అంది. కానీ అమ్మ ఎప్పుడో, ఎవరికో నిజంగా అన్న మాటే కదా, అది తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది అంది. అమ్మకి ఇష్టమే నాన్నా, విన్నావుగా అంది.

అమ్మ ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఎవరో కుర్చీలో కూర్చుని టైపు చేశారు. కింద నా సంతకం ఉంది. ఈ రెండు వాక్యాలూ నోటి దాకా వచ్చాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్దామా అన్నాను. పొద్దున్నే వెళ్ళొచ్చాం అంది. ఏమన్నాడు అన్నాను. ఎప్పుడూ అనేదే అంది. వారం పది రోజుల్లో తేల్చుకోమన్నాడట, ఆ తర్వాత తీయించడం కూడా తన గుండెకి బరువేనట. చెబుతూ చెబుతూ పిల్లకి జడ వేసింది. పాపిడి వంకర పోలేదు.

ఆగస్టు 28

కంపెనీకి వెళ్ళాను. అద్దాల గది. చిరునవ్వు నాకు నీళ్ళిచ్చింది. అంతా చెప్పాను. నా కూతురని చెప్పాను. ఆ లిఫ్టు మాట తిరిగి పెట్టండి అన్నాను.

చాలా బాధగా ఉంది సార్ అంది. యాప్ వందకి వంద అని మేమెక్కడా అనలేదు సార్, ఇంకా తెలుసుకోండి పేజీలో అన్నీ ఉన్నాయి అంది. అయినా మేడమ్ మాటలు మార్చాక జనం ఎంత సంతోషంగా ఉన్నారో చూడండి అని స్క్రీను నా వైపు తిప్పింది. మేడమ్ రేటింగ్ నాలుగు పాయింట్ ఎనిమిది.

బతికుండగా ఆమె క్లినిక్‌లో సగంమంది ఆమెని తిట్టుకుంటూనే వెళ్ళేవాళ్ళు.

బయటికొస్తుంటే వాళ్ళ లిఫ్టు వచ్చింది. ఎక్కలేదు.

ఆగస్టు 30

మరదలు ఫోన్‌లో అరిచింది. అమ్మాయి దానికి కూడా చెప్పిందట. ఉంచుకుంటానంటోందట. నేను వద్దని చెప్తే, అమ్మ సరేనంది పిన్నీ నువ్వెవరు అంటోంది బావా అంది. కన్నతండ్రివి నువ్వున్నావు, వెళ్ళి చెప్పు, నీ కూతురు, నీ నోరు అంది.

వెళ్ళాను. అమ్మాయి వంటగదిలో ఉంది. కుళాయి కారుతోంది. వాషర్ పోయిందమ్మా అన్నాను. ఎన్నాళ్ళ నుంచో కారుతోంది నాన్నా అంది. షాపుకి వెళ్ళి వాషర్ తెచ్చి వేశాను. కారడం ఆగింది. అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది. ఇంకేమైనా చెప్పాలా నాన్నా అని అడిగింది. అవతలి కుళాయి కూడా ఒకసారి చూస్తాను అన్నాను.

ఆగస్టు 31, ఉదయం

నేను చెప్పలేను. ఆమె చెప్పగలదు.

ఆగస్టు 31, మధ్యాహ్నం

లింకు తెరిచి కూర్చున్నాను. చాలాసార్లు రాసి చెరిపాను. కామాలు పెట్టాను. చుక్కలు పెట్టాను. చివరికి ఇది.

అమ్మా, ఇంకో కాన్పు నీ గుండె మొయ్యలేదు. పొరపాటున వస్తే ఆలోచించకు... వెంటనే వెళ్ళి తీయించుకో. నీకొక పిల్ల ఉంది. దానికి నువ్వు కావాలి.

ఎంత బాగా వచ్చిందంటే నాకే ఏడుపొచ్చింది. ఆమె ఎదురుగా నిలబడి చెప్పినట్టుంది.

అమ్మాయికి పంపాను. అమ్మ పాత ఫోన్‌లో దొరికింది, నీకోసమని దాచిపెట్టినట్టుంది అని కింద రాశాను.

సెప్టెంబర్ 1

విన్నట్టు టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

సెప్టెంబర్ 2

జవాబు లేదు. ఆఫీసులో ఒక సర్టిఫికెట్ మీద తేదీ తప్పు వేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి.

సెప్టెంబర్ 4

మరదలు ఫోన్ చేసింది. హాస్పిటల్లో ఉన్నాం, అయిపోయింది, అమ్మాయి బాగుంది అంది. నువ్వు రానక్కర్లేదు అంది. మళ్ళీ తనే, రా అంది.

సెప్టెంబర్ 5

నిన్న మిగతాది రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

గదిలో మానిటర్ కూత పెడుతోంది. గుండె మీద అతికించిన వైర్లు. ఎడం చేతికి చిన్న కట్టు. ఇంప్లాంట్ పెట్టించుకుందట. అక్కడి నర్సు అన్నీ బల్ల మీద పరిచి, వీడియోల్లో వాళ్ళు చెప్పిన దాంట్లో ఎంత నిజమో ఎంత అబద్ధమో ఒక్కొక్కటే చెప్పి, ఇప్పుడు నువ్వేమనుకుంటున్నావు అని అడిగిందట. ఆ నర్సుకి ఆ అడగడం ఎవరు నేర్పారో అమ్మాయీ అడగలేదు, నేనూ అడగలేదు. అల్లుడు కాంటీన్లో ఉన్నాడు. ఆపరేషన్ మాట ఎత్తితే ఇప్పుడెందుకు, ఇంప్లాంట్ పెట్టించాంగా అన్నాడట.

మరదలు బయటికి వెళ్ళింది. అమ్మాయి పైకప్పు చూస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

మొదటిసారి విన్నప్పుడు చాలా ఏడ్చాను నాన్నా అంది. రెండోసారి విన్నప్పుడు ఎందుకో చలేసింది. మూడోసారికి నువ్వు కనిపించావు. అమ్మ తన జన్మలో ఎవరికీ ఇది చెయ్యి అని చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు. అడిగేది. పాసు, ఫెయిలు అని చెప్పేది నువ్వు అంది. అడిగే ముందు తీసుకునే ఆ ఊపిరి కూడా లేదు నాన్నా అంది.

నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

నీ మాట తయారు చేసిందయితే, ఆ చల్లని కబురు కూడా ఎవరో తయారు చేసిందే కదా అంది. అంటే ఉంచుకోమని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. అది తెలిశాక పిన్నికి ఫోన్ చేసి వచ్చేశాను.

సంతకం నేనే పెట్టానమ్మా అన్నాను. లిఫ్టు మాట తీసేస్తారని తెలిసే పెట్టాను అన్నాను.

అప్పుడు తల తిప్పి చూసింది. ఆ మాట తీసేశాక ఆయన్ని నేను ఒక్క రోజు కూడా ఆపలేకపోయాను నాన్నా అంది. నేను ఒద్దంటే వినడు. అమ్మ ఒద్దంటే వినేవాడు.

మానిటర్ వేగం పెరిగింది. నర్సు తొంగి చూసింది. మళ్ళీ తగ్గింది.

కుళాయి బాగుచేసిన రోజు, నాకు భయంగా ఉందమ్మా అని నువ్వొక్క మాట అని ఉంటే, ఆ సాయంత్రమే వచ్చేదాన్ని అంది. ఆ ఒక్క మాటా నీ నోటితో. ఇప్పుడు అమ్మ గొంతు ఎక్కడ విన్నా నువ్వే వినిపిస్తున్నావు. పాత వాయిస్ మెసేజ్‌లు పెట్టి చూశాను, వాటిల్లోనూ నువ్వే. నాకు అమ్మని లేకుండా చేశావు నాన్నా అంది.

తర్వాత నీళ్ళు కావాలంది. గ్లాసు అందించాను. తాగింది. పాపని ప్లేస్కూలు నుంచి తీసుకురావాలి, ఆయన మర్చిపోతాడు, నువ్వు వెళ్ళు అంది.

వెళ్ళాను. మనవరాలు దారి పొడవునా నా వేలు పట్టుకుని నడిచింది. అమ్మ ఎప్పుడొస్తుంది అని అడిగింది. రేపు అని నేనే చెప్పాను.

సెప్టెంబర్ 8

అమ్మాయి ఇంటికి చేరింది. ఫోన్ ఎత్తడం లేదు. బతికి ఉంది. ఫోన్ ఎత్తకపోవడానికి కూడా బతికి ఉండాలి.

సెప్టెంబర్ 9

లింకు తెరిచాను. ఇనస్పెక్టరు గారూ అని కొట్టాను. చక్కగా పిలిచింది. వెటకారం ఎక్కడుండాలో అక్కడే ఉంది.

అమ్మాయి చెప్పింది నిజమే. నా గొంతే.

సెప్టెంబర్ 12, ఉదయం 7

గోడ అవతల ఆమె. ఇవాళ నీకు భయం లేదు తల్లీ, హాయిగా ఉండు.

చెప్పులేసుకుని వెళ్ళి బెల్లు కొట్టాను. ఆ పిల్ల తలుపు తీసింది, చేతిలో ఫోన్ ఉంది. పెద్దక్క చెప్పే లిఫ్టులాయన్ని నేనేనమ్మా అన్నాను. లెక్క ఒక్క బ్రేకే, నిద్ర చెడినా ఒళ్ళు వెచ్చబడినా తప్పుతుంది, రెండోది కూడా పెట్టుకో అన్నాను. ఊపిరి తీసుకున్నాను. ఇప్పుడు చెప్పు, నువ్వేమనుకుంటున్నావు అని అడిగాను.

మొగుణ్ణి పిలిచింది. తలుపు వేసేశారు.

పై అంతస్తులో నాలుగు తలుపులున్నాయి.